ట్వార్టు మహాశయుడు

సెగగడ్డ నెఱుగని సంసారము లేదు. ఆ చీమునందు ద్రాక్షగుత్తులవలె గుంపులుగూడి యుండు క్రిమికి స్టెఫిలోకాకస్ అని పేరు. ఆ క్రిమినే కబళించు సూక్ష్మతరమైన వస్తువు వేఱొకటి కలదని కనుగొని ప్రకటించినవాడు ఫ్రెడరిక్ విలియం ట్వార్టు.

ఇతడు 1877వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన ఇంగ్లండు దేశమున సర్రే మండలములోని కేంబర్లీలో నొక వైద్యుని యింట జన్మించెను. తలిదండ్రులకు బదునొకండుగురు సంతానము. అం దగ్రజు డితడే. లండనులోని సెయింట్ థామస్ వైద్యశాలలో జదివి 1900లో వైద్యుడయ్యెను. 1909లో బ్రౌన్ సంస్థకు అధ్యక్షుడయ్యెను. అది యొక దాత మరణశాసనమువలన వెలసిన పశువైద్యశాల. పరిశోధనాలయమును అందే కలదు.

ఆ దినములలో మశూచికపు టీకామందును దూడల చర్మమునుండి తీయుచుండిరి. అందలి వైరసును గాజుపాత్రలో బెంచవలెనని ట్వార్టు పూనుకొనెను. వైరసు పెరుగలేదు. మందులో గలిసియున్న స్టెఫిలోకాకస్ జాతి క్రిములు మాత్రము చుక్కలు చుక్కలుగ బెరిగెను. వేఱొకడైనచో పాత్రలను కడిగి బోర్లించియుండును. ఇతడు వానినే పరికించుచు గూర్చుండెను. కొన్ని చుక్కలు గాజువలె నిర్మలములై కరగిపోవుచుండెను. ఆ గాజుపదార్థమును రవంత తీసి మంచి చుక్కకు అంటించిన నదియును గరగెను. పింగాణి వడపోత గుండ బోయినను, పదిలక్షల రెట్లు పలుచన చేసినను, దాని శక్తి నశింపలేదు. 60 డిగ్రీల వేడిమిలో గంటసేపుంచిన మాత్రము నశించెను.

1915 డిసెంబరు 4వ తేదీ లాన్సెట్ పత్రికలో దీనిని ప్రకటించెను. అది వైరసో, క్రిమినుండి పుట్టిన ఎంజైమో, క్రిమి జీవితములోని యొక దశయో తేల్చి చెప్పలేదు. తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయకుండుట పెద్దఱికమే కాని, కీర్తికి మాత్ర మది లోపము దెచ్చెను. మహాయుద్ధకాలమున సలోనికాకు బోవలసివచ్చి పని నిలిచిపోయెను. 1917లో ఫెలిక్స్ డెరెల్ పారిసునందు అట్టి వస్తువునే కనుగొని బాక్టీరియోఫేజి యని పేరిడెను. ముందెవరను తగవు ఏండ్లతరబడి సాగెను. 1929లో ట్వార్టు రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. పిదప పరిశోధనకు ధనసహాయము నిలిచెను. 1944లో బాంబు పడి పరిశోధనాలయము నేలమట్టమయ్యెను. 1950 మార్చి 20వ తేదీన ఆయన దివంగతుడయ్యెను.

తరువాత విశదమైన సంగతి మిక్కిలి వింతయైనది. ఫేజులు రెండు తెఱగులు. మొదటివి అతిథుల కడుపు జొచ్చిన వాతాపివలె క్రిమిలో జొరబడి, సంతతిని బెంచుకొని, దానిని జీల్చుకొని వెలువడును. రెండవవి వెంటనే చంపవు. ఇల్లరికపు టల్లునివలె క్రిమియొక్క జన్యుపదార్థములో గలిసి కాపురముండును. క్రిమి రెండైన నవియు రెండగును. ఆ యల్లుడు కొన్నిమార్లు వట్టిచేతులతో రాడు. విషమును దయారుచేయు జన్యువును వెంట దెచ్చును.

పలువురి ముక్కులలో నూరక వసించు స్టెఫిలోకాకస్‌కు తెల్లరక్తకణములను జంపు విషమొకటి, పసిబిడ్డల చర్మమును ఊడదీయు విషమొకటి యిట్లే సంక్రమించినవి. ఆహారమును జెఱచు ఒక విషపు జన్యువు ఫేజిదేయని 1985లో తేలెను. వండువాని చేతి కురుపునుండి క్రిములు వంటకమున బడి, వెచ్చగ నిలువయున్నచో విషమును గ్రక్కును. మరల కాచినచో క్రిములు చచ్చును గాని ఆ విషము చావదు. తిన్నవారికి కొలది గంటలలో వాంతులగును. కొన్ని మందులు క్రిమిని పీడించినపుడు ఇల్లరికపు ఫేజి మేల్కాంచి, క్రిమిని బగులగొట్టి వెలికివచ్చి, ఆ జన్యువును వేఱొక క్రిమికి జేర్చును.

ట్వార్టు పేర నొక స్టెఫిలోకాకస్ ఫేజి శాస్త్రజ్ఞుల పట్టికలలో గలదు. అది యిల్లరికపు జాతి కాదు. చొచ్చిన క్రిమిని జీల్చియే వెడలును.