జి.ఎన్.రామచంద్రన్

గోపాలసముద్రం నారాయణ రామచంద్రన్ (అక్టోబరు 8, 1922 - ఏప్రిల్ 7, 2001) సుప్రసిద్ధ భారతీయ భౌతిక శాస్త్రవేత్త. కీళ్ళలోని ముఖ్యపదార్థపు నిర్మాణాన్ని వివరించినదీ, ఆ కీళ్ళను కోయకుండా పొరలు పొరలుగా చూపే సి.టి.స్కాన్‌కు అవసరమైన గణితాన్ని సులభతరం చేసినదీ ఈయనే.

జీవిత విశేషాలు

ఈయన ఎర్నాకుళంలో జన్మించాడు. బెంగుళూరులో సి.వి.రామన్ వద్ద పరిశోధన చేసి, 1949లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖాధిపతి అయ్యాడు. 1954లో గోపీనాథ్ కర్తాతో కలసి, కొల్లాజెన్ అణువు మూడుపేటల త్రాడు వలె మెలిదిరిగి ఉంటుందని ప్రతిపాదించాడు. మృదులాస్థికి, కీళ్ళను బంధించే స్నాయువులకు బలమిచ్చేది ఈ మాంసకృత్తే.

సి.టి.స్కాన్

పలు కోణాల ఎక్స్‌రేల నుండి అడ్డుకోత చిత్రాన్ని నిర్మించుటకు పూర్వపు పద్ధతులలో ఫోరియర్ రూపాంతరాలు, సుదీర్ఘమైన గణన అవసరమయ్యేవి. 1971లో రామచంద్రన్, ఎ.వి.లక్ష్మీనారాయణన్ వాటి అవసరం లేని కన్వల్యూషన్ పద్ధతిని ప్రకటించారు. తరువాతి స్కానర్లలో ఈ పద్ధతి విస్తృతంగా వాడబడింది. 1979 నోబెల్ వైద్య బహుమతి కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్‌లకు లభించింది. రామచంద్రన్‌కు నోబెల్ రాలేదు.

ప్రయోజనం

గోదావరిఖని, రామగుండం వంటి బొగ్గుగని ప్రాంతాలలో కార్మికుని మోకాలు చితికినపుడు, సాధారణ ఎక్స్‌రేలో ఎముకలు ఒకదానిపై ఒకటి పడి కనిపిస్తాయి. పగులు కీలు ఉపరితలం వరకు వ్యాపించినదీ లేనిదీ సి.టి. స్పష్టం చేస్తుంది. స్నాయువులు తెగినదీ లేనిదీ తెలియుటకు మాత్రం ఎం.ఆర్.ఐ. మేలైనది.