చక్కెర ఫ్యాక్టరీ ఊర్లో బొమ్మలు వేసిన బిడ్డ – అమృతా షేర్‌గిల్

మన జిల్లాలో చెరుకు, పసుపు ఎరుగనివారు లేరు. బోధన్ రోడ్డు మీద చెరుకు బండ్ల వరుసలు, నిజామాబాద్ గంజ్‌లో పసుపు కుప్పలు మన పెద్దల కండ్లల్లో ఇంకా ఉన్నవి. ఇటువంటి చక్కెర ఫ్యాక్టరీ ఊర్లోనే ఉండి, పసుపు నూరే ఆడవాళ్ళ తస్వీరు వేసిన ఒక గొప్ప చిత్రకారిణి సంగతి మన పిల్లలకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు.

అమృతా షేర్‌గిల్ 1913 జనవరి 30న హంగేరీ దేశంలోని బుడాపెస్ట్ నగరంలో జన్మించినది. తల్లి మేరీ ఆంత్వానెత్ ఆ దేశపు గాయని. తండ్రి ఉమ్రావ్ సింగ్ పంజాబ్‌లోని మజీఠియా సిక్కు ఖాందాన్ వారు, సంస్కృతం, ఫార్సీ బాగా చదివిన పండితులు, అల్లామా ఇక్బాల్ గారికి దోస్తు. 1921లో కుటుంబం సిమ్లా వచ్చి స్థిరపడినది. బిడ్డ చేతిలో హునర్ ఉన్నదని తల్లిదండ్రులు గుర్తించి, 1929లో పారిస్ తీసుకుపోయి చిత్రకళ చదివించిరి. అక్కడ 1932లో వేసిన 'యంగ్ గర్ల్స్' అనే చిత్రానికి మరుసటేడు బంగారు పతకం వచ్చినది. అప్పటికి ఆమె వయసు ఇరవై ఏండ్లే.

అంత పేరు వచ్చినా అక్కడ ఉండిపోలేదు. 1934 చివర హిందుస్తాన్‌కు తిరిగి వచ్చి, బీదవాళ్ళను, పల్లె ఆడవాళ్ళను చిత్రించుటకు పూనుకున్నది. 1935లో వేసిన 'త్రీ గర్ల్స్'లో ముగ్గురు ఆడపిల్లలు తల వంచుకుని, తమ నసీబు కోసం ఎదురుచూస్తున్నట్లు కూర్చుంటరు. చూసినవారికి మన ఇండ్లల్లోని పిల్లలే యాదికొస్తరు.

1936లో అజంతా, ఎల్లోరా గుహలు చూసి, మన హైదరాబాద్‌కు కూడా వచ్చినది. నవాబ్ సాలార్‌జంగ్ గారు ఆమె చిత్రాలు చూసి, కొనకుండానే తిప్పి పంపించిరి. దేశదేశాల వస్తువులు సేకరించిన ఆ నవాబు గారికి సైతం ఆ కొత్త తరహా నచ్చలేదన్న మాట. ఆమె నిరాశపడినా తన దారి మార్చుకోలేదు.

1938లో డాక్టర్ విక్టర్ ఎగాన్‌తో నికా అయినది. మరుసటేడు దంపతులు గోరఖ్‌పూర్ దగ్గరి సరాయాకు చేరిరి. అక్కడ ఆమె ఖాందాన్ వారిదే చక్కెర ఫ్యాక్టరీ ఉన్నది. చుట్టూ చెరుకు, కూలీలు, పల్లె జనం. 1940లో వేసిన 'హల్దీ గ్రైండర్స్' అనే పసుపు నూరే స్త్రీల చిత్రం అప్పటిదే. 1941లో లాహోర్‌కు మారి, పెద్ద ప్రదర్శనకు అన్నీ సిద్ధం చేసుకున్నది. అది మొదలు కావటానికి కొద్ది రోజుల ముందు, డిసెంబర్ 5న కన్నుమూసినది. ఇరవై ఎనిమిదేండ్ల ఉమ్ర్!

బతికుండగా కొనేవాళ్ళు కరువైన ఆ చిత్రాలను 1976లో ప్రభుత్వం జాతీయ సంపదగా ప్రకటించినది. 1937 నాటి 'ది స్టోరీ టెల్లర్' 2023లో వేలంలో 61.8 కోట్ల రూపాయలు పలికినది.

తస్వీరుల విషయంలో మనలో భిన్నాభిప్రాయాలు ఉన్నవి. ఆ మసలా ఉలమాలకే వదులుదాం. నేను చెప్పేది వేరు. బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టినది, 2015లో మూతపడినది. అన్నేండ్లు అందులో చెమటోడ్చిన మన తాతల, తండ్రుల ముఖాలు ఏ కాగితం మీద ఉన్నవి? శక్కర్‌నగర్ గేటు ముందు షిఫ్టు దిగివచ్చే కార్మికుణ్ణి నిలబడి చూసినవారెవరు? దూరదేశంలో పుట్టిన ఒక ఆడబిడ్డ కూలీల ముఖాలను అంత ప్రేమగా చూసినది. వాళ్ళ మధ్యనే పుట్టిన మనం చూడలేదు.

కనుక తల్లిదండ్రులకు నా మనవి. మీ బిడ్డ రాసినా, గీసినా, కుట్టుపని చేసినా, అది వట్టి కాలక్షేపమని తీసివేయకండి. ఉమ్రావ్ సింగ్ గారు తన బిడ్డను నమ్మినట్లు మీరూ నమ్మండి. తాత నోట ఫ్యాక్టరీ కథ విని రాసిపెట్టమని చెప్పండి. అల్లాహ్ మన పిల్లలకు చూసే కండ్లు, పనిచేసే చేతులు ప్రసాదించుగాక. ఆమీన్.