నాలుగు సమీకరణాల పెన్షనరు: ఆలివర్ హెవిసైడ్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని మన సంఘం సంపాదకులు కోరినప్పుడు గాంధీ గారి గురించో, విశ్వేశ్వరయ్య గారి గురించో రాద్దామనుకున్నాను. వారి గురించి నాకంటె బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. టెలిఫోన్ కేబుళ్ళతో ముప్పై ఏళ్ళు గడిపిన నావంటివాడు రాయవలసింది ఆలివర్ హెవిసైడ్ గురించేనని తోచింది. ఆయనా మన కోవలోని వారే. తొలుత తంతి ఉద్యోగి, ఆ తరువాత పెన్షనరు.

ఈ ఆలోచన రావడానికి కారణం మా మనుమరాలు. బెంగుళూరులో ఆంటెనాలకు సంబంధించిన ఉద్యోగం చేస్తోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు కంప్యూటర్ తెర మీద ఒక గది బొమ్మ చూపించింది. మూలనున్న సెల్‌ఫోన్ నుంచి తరంగాలు బయలుదేరి గోడలకు, ఇనుప బీరువాకు, మనిషి ఒంటికి తగిలి ఎలా చెదురుతాయో అందులో రంగు రంగులుగా కనిపిస్తోంది. దీనికి ఆధారమేమిటని అడిగితే మాక్స్‌వెల్ నాలుగు సమీకరణాలంది. సిద్ధాంతం మాక్స్‌వెల్‌దే గాని, ఆ నాలుగింటినీ ఆ రూపంలో రాసింది ఆయన కాదమ్మా అన్నాను. నమ్మలేదు.

హెవిసైడ్ 1850 మే 18న లండన్‌లోని కామ్డెన్ టౌన్‌లో ఒక పేద కుటుంబంలో జన్మించారు. తండ్రి చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చుకిచ్చే పనివాడు. చిన్నతనంలో వచ్చిన జ్వరం వల్ల వినికిడి బాగా తగ్గింది. పదహారో ఏట చదువు ఆగిపోయింది. తంతి విద్యలో పేరుపొందిన చార్లెస్ వీట్‌స్టన్ ఆయనకు పెద్దమ్మ కుటుంబం వైపు బంధువు కావడంతో, పద్దెనిమిదో ఏట డెన్మార్క్ కేబుల్‌పై తంతి ఉద్యోగం దొరికింది. ఆ తరువాత న్యూకాజిల్‌కు వచ్చారు. సముద్రం అడుగున వేసిన ఆ కేబుల్‌లో వార్తలు ఒక వైపుకు వేగంగానూ, రెండో వైపుకు నిదానంగానూ వెళ్ళేవట. అందరూ అదంతేలే అని ఊరుకుంటే, ఈయన దాని కారణం లెక్క కట్టి చూపారు. 1874లో, ఇరవై నాలుగో ఏట, ఉద్యోగం వదిలేశారు. మళ్ళీ ఎక్కడా చేరలేదు. తల్లిదండ్రుల ఇంట ఒక గదిలో కూర్చుని, 1873లో వెలువడిన మాక్స్‌వెల్ గ్రంథాన్ని ఏళ్ళ తరబడి చదివారు. గణితం నేర్పినవారు లేరు. కావలసినంత తనంతట తానే నేర్చుకున్నారు.

మాక్స్‌వెల్ 1879లో నలభై ఎనిమిదో ఏటనే కన్నుమూశారు. ఆయన రాసిపెట్టినవి ఇరవై సమీకరణాలు. ఇంజనీరు వాటితో పని చేయించుకోవడం కష్టం. హెవిసైడ్ 1885 నాటికి అదంతా వెక్టార్ల భాషలోకి మార్చి నాలుగుకు తెచ్చారు. జర్మనీలో హెర్ట్జ్ కూడా దరిదాపుగా అదే దారిన వచ్చారు. అయితే హెవిసైడే ముందని ఒప్పుకునే పెద్దమనసు హెర్ట్జ్‌కు ఉంది.

ఇక మన కేబుల్ సంగతి. మాటలో సన్న స్వరాలు, బొంగురు స్వరాలు కలిసి ఉంటాయి. పొడవైన తీగలో ఇవి ఒక్క వేగంతో పోవు, ఒక్క మోస్తరుగా క్షీణించవు. అందుకే అవతలి చివర మాట నలిగిపోయి వినిపిస్తుంది. అంతకు ముందు విలియం థామ్సన్ చేసిన లెక్కలో రెసిస్టెన్స్, కెపాసిటెన్స్ మాత్రమే ఉన్నాయి. నిజమైన తీగలో ఇండక్టెన్స్ ఉంటుంది, లీకేజి ఉంటుంది. హెవిసైడ్ నాలుగింటినీ లెక్కలోకి తెచ్చారు. రెసిస్టెన్స్‌కు ఇండక్టెన్స్‌తో ఉన్న నిష్పత్తి, లీకేజికి కెపాసిటెన్స్‌తో ఉన్న నిష్పత్తి సమానమైతే మాట నలగదని తేల్చారు. అంటే తీగలో ఇండక్టెన్స్ పెంచాలి.

బ్రిటిష్ పోస్టాఫీసులో పెద్ద అధికారి విలియం ప్రీస్ అభిప్రాయం దీనికి సరిగ్గా తలకిందులు. ఇండక్టెన్స్ శత్రువన్నది ఆయన మాట. హెవిసైడ్ అన్న ఆర్థర్ అదే శాఖలో ఉద్యోగి. 1887లో అన్నదమ్ములు కలిసి రాసిన వ్యాసాన్ని ప్రీస్ అడ్డుకున్నారు. అదే సంవత్సరం, హెవిసైడ్ వ్యాసాలు వేస్తున్న ఎలక్ట్రిషియన్ పత్రికకు కొత్త సంపాదకుడు రావడంతో అక్కడా ఆగిపోయాయి. కింది ఉద్యోగి మాట పైవారికి రుచించకపోతే ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. 1889లో థామ్సన్ స్వయంగా సభలో మెచ్చుకున్నారు. 1891లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. కాని ఇండక్టెన్స్ ఆలోచనకు పేటెంటు తీసుకోలేదు. అమెరికాలో ప్యూపిన్ 1900లో తీసుకుని పెద్ద మొత్తం గడించారు. మా రోజుల్లో ఎక్స్ఛేంజీల మధ్య జంక్షన్ కేబుళ్ళలో 1.83 కిలోమీటర్లకొకటి చొప్పున 88 మిల్లీహెన్రీల లోడింగ్ కాయిల్ వేసేవాళ్ళం. అది హెవిసైడ్ మాటకు రాగితీగ చుట్టిన రూపమే.

మనుమరాలి తెర మీది బొమ్మ వెనుకా ఇదే. గోడలు, బీరువాలు, మనుషులు ఉన్న గదికి నాలుగు సమీకరణాలను కాగితం మీద సాధించడం ఎవరివల్లా కాదు. 1966లో కేన్ యీ ఒక ఉపాయం చెప్పారు. గదిని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, గడి అంచుల మీద విద్యుత్ క్షేత్రాన్ని, ముఖాల మీద అయస్కాంత క్షేత్రాన్ని ఉంచి, ఒకదాని నుంచి మరొకదాన్ని క్షణక్షణానికి లెక్కగట్టుకుంటూ పోవడమే. గడి తరంగంలో పదో వంతుకు మించరాదు. 900 మెగాహెర్ట్జ్ తరంగం 33 సెంటీమీటర్లు కనుక గడి సుమారు 3 సెంటీమీటర్లు. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిలో దాదాపు 22 లక్షల గళ్ళు! ఒక్కో గడికి ఆరు అంకెలు, ప్రతి క్షణకణానికీ అన్నీ మళ్ళీ మొదటినుంచి. 1971లో జాన్స్, బ్యూర్లే మరో దారి చూపారు. అందులో స్థలమంతటినీ తంతి తీగల వల అనుకుంటారు. మా మనుమరాలికి తెలియనిదీ, నాకు గర్వమనిపించినదీ ఇదే. గదిలో గాలిని కూడా హెవిసైడ్ కేబుల్ లెక్కతోనే లెక్కించవచ్చు. విమానం మీద పిడుగు పడితే లోపలి తీగలలో ఏ మేరకు విద్యుత్తు పుడుతుందో ఇటువంటి పద్ధతులతోనే చూస్తారు.

ఇంత చేసినాయనకు ఆదాయమేమీ లేదు. 1889 నుంచి తల్లిదండ్రులతో పెయింటన్‌లో, సోదరుని సంగీత వాద్యాల దుకాణం మీది గదుల్లో ఉండేవారు. మిత్రులు రాయల్ సొసైటీ సహాయ నిధి నుంచి ఏదైనా ఇప్పించబోతే దానం పుచ్చుకోనని తిప్పికొట్టారు. 1896లో ఫిట్జ్‌జెరాల్డ్, పెర్రీ కలిసి ప్రభుత్వం నుంచి ఏటా 120 పౌండ్ల పెన్షను ఏర్పాటు చేయించారు. ఇది జాలి కాదు, చేసిన పనికి గౌరవమని నచ్చజెప్పిన తరువాతే ఒప్పుకున్నారు. 1914లో అది 220 పౌండ్లయింది. ఈ భాగం చదివినప్పుడల్లా పెన్షను అంటే ఏమిటో ఆయనకు మనకంటె బాగా తెలుసనిపిస్తుంది.

1902లో బ్రిటానికా విజ్ఞాన సర్వస్వానికి రాసిన వ్యాసంలో, పైగాలిలో విద్యుత్ వాహక పొర ఉండవచ్చని, రేడియో తరంగాలు దాని ఆసరాతో భూమి వంపు తిరగవచ్చని సూచించారు. అమెరికాలో కెన్నెల్లీ కూడా అదే సంవత్సరం ఇదే చెప్పారు. ఆపిల్టన్ 1924 డిసెంబరులో ప్రయోగం చేసి దానిని రుజువు చేశారు. మనం రాత్రిళ్ళు రేడియోలో దూరపు స్టేషన్లు విన్నామంటే ఆ పొర పుణ్యమే.

చివరి రోజులు టార్కీలో గడిచాయి. చెవుడు, ఒంటరితనం, మొండితనం మూడూ పెరిగాయి. బిల్లు తగాదాలో గ్యాసు కనెక్షను తీసేస్తే చలిలోనే ఉండిపోయారు. మనం మెచ్చుకోవలసిన పట్టుదల కాదది, కాని ఆయన తత్వమే అంత. 1922లో ఫారడే పతకాన్ని మొదటిసారి ఆయనకే ఇచ్చారు. నిచ్చెన మీది నుంచి పడిన దెబ్బతో కోలుకోలేక 1925 ఫిబ్రవరి 3న కన్నుమూశారు. పెయింటన్ శ్మశానంలో తల్లిదండ్రుల సమాధిలోనే ఆయననూ ఉంచారు.