పిడికెడు మట్టిలో మన సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పగానే మనవాళ్లలో చాలామందికి కేన్సర్ మందు గుర్తొస్తుంది. యాంగోన్‌లోని అహ్లోన్‌లో నాలుగు మడులు వేసుకుని గోంగూర, వంగ, బెండ పెంచుకునే నాకు మాత్రం ఆయన చివరి మందే ముందు గుర్తొస్తుంది. అది పిడికెడు మట్టిలోంచి వచ్చింది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కాకినాడ, కోరంగి తీరం నుంచి మన పెద్దలు రంగూన్ ఓడలెక్కుతున్న రోజులవి. తండ్రి పోయాక ఇల్లు గడవడమే కష్టమైంది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి ఆంగ్లేయ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు కొద్ది రోజుల తేడాలో తీసుకెళ్లింది.

1920ల మొదట్లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిల్లర పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీని వెలికితీసిన వారిలో ఆయన ఒకరు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదే మందు. మా యాంగోన్‌లో బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు పంచిన డీఈసీ మాత్ర కూడా ఆ బృందం చలవే.

ఇక మట్టి సంగతి. నేలలోని సూక్ష్మజీవులు తిండి కోసం, చోటు కోసం ఒకదానితో ఒకటి పోరాడుతుంటాయి. ఆ పోరులో అవి వాడే ఆయుధాలు మనకు మందులుగా పనికొస్తాయని అప్పటికే తేలింది. సుబ్బారావు నేతృత్వంలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, ఉద్యోగ విరమణ వయసు దాటాక కూడా, ఊరూరి మట్టి తెప్పించి పరీక్షించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో 1888 నుంచి నడుస్తున్న శాన్‌బోర్న్ ఫీల్డ్ మట్టిలో బంగారు రంగు గుంపులుగా పెరిగే ఒక జీవి దొరికింది. అది తిమోతి అనే పశువుల గడ్డి పెంచిన మడి. ఆ గడ్డి ఏళ్ల తరబడి బతుకుతుంది కాబట్టి, గోధుమ మడిలా ఏటా దున్నే పని ఉండదు. ఆ జీవి ఇచ్చిన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ మందులన్నింటికీ అదే మొదటిది. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, స్వదేశానికీ తిరిగి రాలేదు.

తొలకరిలో వచ్చే మట్టి వాసన చాలావరకు ఆ జీవి బంధువులదే. ఎండుటాకులను, గడ్డిని కుళ్లబెట్టి మొక్కకు తిండిగా మార్చడంలో వాటి చెయ్యి ఉంది. శిలీంధ్రాల పోగులు, వానపాములు మట్టిని చిన్న చిన్న ఉండలుగా పట్టి ఉంచుతాయి. నీరు, గాలి వెళ్లే దారులు అవే. పారతో తిరగేస్తే ఆ పోగులు తెగుతాయి, దారులు కూలుతాయి. మా ఊళ్లో మే చివర వానలు మొదలైతే అక్టోబరు దాకా వదలవు. తవ్వి బోడిగా వదిలేసిన మడిలోని పైమట్టి నాలుగు వానలకే కాలువపాలవుతుంది. ఆ పైమట్టి పోతే కొనుక్కొచ్చిన ఎరువు ఎంత వేసినా నిలవదు.

అందుకే మా మడుల్లో పార దిగదు. కాపు అయిపోయిన మొక్కను మొదట్లో కోసి, వేరును నేలలోనే వదిలేస్తాం. పైన రెండంగుళాల కంపోస్టు, దాని మీద వరిగడ్డి, ఎండుటాకులు. విత్తనానికి కావలసినంత గుంట చాలు. నెలకోసారి జీవామృతం. 20 లీటర్ల నీటికి కిలో ఆవుపేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల తాటిబెల్లం, 200 గ్రాముల శనగపిండి. రెండు రోజులు నీడలో ఉంచి, రోజూ కర్రతో కలిపి, తడి నేల మీద పోస్తాం. అందులో ఇంకొకటి కూడా పడాలి. అది గట్టు మీదిది, ఎవరూ కదపనిది, మందులు చల్లనిది, గుప్పెడు మట్టి. మన రైతులు దాన్ని తోడులా వేస్తారు. పాలకు పెరుగు తోడెలాగో, నేలకు ఆ మట్టి అలాగ.

పెర్ల్ రివర్ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం వెతికిందీ అలాంటి గుప్పెడు మట్టినే. సింగపూర్ బాల్కనీ కుండీలోనైనా, డాలస్ పెరట్లోనైనా మీ పిల్లలతో జీవామృతం కలిపించండి. చేతికి మట్టి అంటుకున్నప్పుడు, భీమవరం నుంచి వెళ్లిన ఆ పెద్దమనిషి పేరు చెప్పండి. చదివిన పాఠం మరిచిపోవచ్చు గానీ, చేత్తో చేసిన పని పిల్లలు మరిచిపోరు.