నస్రీన్ మొహమ్మదీ

విజ్ఞాన సర్వస్వములందు చిత్రకారుల చరిత్ర వ్రాయువారు కృతుల పేర్లను, రచనా సంవత్సరములను ఆధారముగ గైకొనుట పరిపాటి. నైరూప్య చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ విషయమున ఈ పద్ధతి చెల్లదు. ఆమె తన చిత్రములలో పెక్కింటికి పేరిడలేదు, తేదీయు వేయలేదు.

ఆమె 1937లో కరాచీయందు జన్మించి బొంబాయిలో పెరిగెను. 1954 మొదలు 1957 వరకు లండనులోని సెయింట్ మార్టిన్స్ కళాశాలయందును, అటుపిమ్మట పారిస్ నగరమందును చిత్రకళ నభ్యసించెను. 1972లో, సూరతునకు ఉత్తరమున నున్న బడోదాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున అధ్యాపకురాలై, తుదివరకు అచ్చటనే బోధించెను. తొలినాటి చిత్రములందు ప్రకృతిచ్ఛాయలు కలవు. 1970 తరువాతి దశలో అవి తొలగి, పెన్సిలుతోను సిరాతోను గీచిన సన్నని సరళరేఖలు మాత్రమే నిలిచెను.

నాడీవ్యాధి వలన అవయవములు క్రమముగ స్వాధీనము తప్పుచున్నను ఆమె రేఖ తొణకలేదు. 1990లో మహారాష్ట్రలోని కిహీము గ్రామమున మరణించెను. 2016లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమువారు ఆమె కృతులను ప్రదర్శించిరి.

ఆమె రేఖలను కేవలము వ్యాధితో ముడిపెట్టి వివరించుట సరికాదు. ఆ రేఖానియమము వ్యాధి ముదురుటకు ముందే రూపొందినది. తేదీలేని చిత్రమునకు తేదీ కల్పించుటయు తగదు. శైలినిబట్టి పౌర్వాపర్యము నూహించి, అది ఊహయేయని తెలుపుట చరిత్రకారుని ధర్మము.