బస్తరు మహారాజు: రెండు కాల్పుల నడుమ ఐదేళ్లు

పార్లమెంటు పత్రికా గ్యాలరీలో కూర్చుని మంత్రుల సమాధానాలు వ్రాసుకోవడంలో నాకు ముప్పై ఏళ్లు గడిచాయి. విచారణ జరుగుతున్నదన్న మాట వేలసార్లు విన్నాను. నివేదిక పరిశీలనలో ఉన్నదన్న మాట అంతకంటె ఎక్కువసార్లు విన్నాను. తప్పు చేశామన్న మాట విన్న సందర్భాలు లెక్కించడానికి ఒక చేతి వ్రేళ్లు చాలు. నాయకులు తమ తప్పును బహిరంగంగా ఒప్పుకోవాలా అన్న చర్చ మిత్రుల మధ్య వచ్చినప్పుడల్లా నాకు స్ఫురించేది ఢిల్లీ కాదు, జగదల్‌పూర్. అక్కడి రాజప్రాసాదంలో ముప్పై ఆరవ ఏట పోలీసు తూటాలకు నేలకొరిగిన ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్.

ఆయన మనకు బొత్తిగా పరాయివాడు కాడు. ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు దండకారణ్యంలో ప్రవేశించి రాజ్యం స్థాపించాడని, దంతేశ్వరి అమ్మవారు ఆయన వెంట నడిచి వచ్చిందని బస్తరు ఐతిహ్యం. ఆ గద్దె మీద రాణిగా ఉన్న తల్లి ప్రఫుల్ల కుమారీ దేవి 1936లో లండన్‌లో మరణించగా, 1929లో పుట్టిన ప్రవీర్ ఏడేళ్ల ప్రాయాన రాజైనాడు. పూర్తి అధికారాలు చేతికి వచ్చింది 1947లో. 1948 జనవరి 1 నాటికి ఆ సంస్థానం భారతదేశంలో విలీనమైంది. అంటే, ఆయన నిజంగా ఏలినది కొద్ది నెలలు మాత్రమే.

అయితే ఆదివాసికి విలీనపత్రంతో నిమిత్తం లేదు. అతని దృష్టిలో రాజు దంతేశ్వరికి ప్రధాన అర్చకుడు; డెబ్బై అయిదు రోజుల దసరా సంబరానికి కర్త. అడవి మీద హక్కు పోతున్నదని, భూమి చేతులు మారుతున్నదని మొర పెట్టుకోవడానికి అతనికి భోపాల్ దూరం, రాజవాడ దగ్గర.

మహారాజు దోషరహితుడని నేననను. చేతికి ఎముక లేనట్లు సొమ్ము పంచిపెట్టాడు. 1953లో ఆయన ఆస్తిని ప్రభుత్వం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి తెచ్చింది. 1957లో కాంగ్రెస్ పక్షాన శాసనసభకు వెళ్లి, 1959లో రాజీనామా చేసి, ఆ పక్షానికే బద్ధవిరోధి అయినాడు. పొరపాటు ఒప్పుకుని ఒక మెట్టు దిగే స్వభావం ఆయనలోనూ నాకు కనిపించదు.

1961 ఫిబ్రవరిలో ఆయనను ముందు జాగ్రత్త నిర్బంధ చట్టం కింద అరెస్టు చేశారు. రాజుగా గుర్తింపు రద్దు చేసి, తమ్ముడు విజయ్ చంద్రకు కట్టబెట్టారు. కలం పోటుతో దేవుని ప్రతినిధిని మార్చవచ్చునని ఢిల్లీ, భోపాల్ రెండూ నమ్మాయి! మార్చి 31న లోహండీగూడలో తమ రాజును తమకిమ్మని గుమిగూడిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపారు. దాదాపు 12 మంది చనిపోయారు.

మరుసటి ఏడు ఎన్నికలు వచ్చాయి. బస్తరులో అత్యధిక స్థానాలు మహారాజు బలపరచిన అభ్యర్థులకే దక్కాయి. ముఖ్యమంత్రి కైలాసనాథ కట్జూ తన నియోజకవర్గంలోనే ఓడిపోయారు. నా దృష్టిలో అసలు ఘట్టం ఇదే. ఉత్తర్వు ఇచ్చిన ముఖ్యమంత్రి తెరమరుగైనారు, ఓటరు తీర్పు చెప్పేశాడు. నిరుటి పని పొరపాటు అనడానికి కొత్తవారికి ఖర్చయ్యేదేమీ లేదు. కట్జూ స్థానంలో మండ్లోయి, మండ్లోయి స్థానంలో ద్వారకాప్రసాద్ మిశ్రా వచ్చారు. ముఖ్యమంత్రులు మారారు, ఉత్తర్వు మారలేదు.

తప్పు ఒప్పుకుంటే ప్రభుత్వం పలుచనవుతుందని, ప్రతిపక్షం దాన్ని పదేళ్లు వాడుకుంటుందని ఢిల్లీలో అనుభవజ్ఞులు చెబుతారు. ఈ వాదంలో పస లేదనను. కాని 1956లో మహబూబ్‌నగర్ రైలు ప్రమాదం తరువాత లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా సమర్పించారు, నెహ్రూ అంగీకరించలేదు. అరియలూరు ప్రమాదం తరువాత మళ్లీ ఇచ్చారు, ఈసారి అంగీకరించారు. ఎనిమిదేళ్లు తిరగకుండా ఆయనే ప్రధానమంత్రి. పలుచనైనది ఎవరు?

1966 నాటికి కరువు రోజులు. బియ్యం లెవీ మీద బస్తరులో ఆగ్రహం రగులుతున్నది. మార్చి 25న రాజప్రాసాద ప్రాంగణంలో చేరిన ఆదివాసులకు, పోలీసులకు ఘర్షణ జరిగింది. ఒక వైపు విల్లంబులు, మరో వైపు రైఫిళ్లు. రాజుతో కలిపి 12 మంది మరణించారని అధికార లెక్క. అక్కడి ప్రజలు చెప్పుకునే లెక్క అంతకంటె చాలా పెద్దది. జస్టిస్ పాండే విచారణ సంఘాన్ని వేశారు. బాధ్యత తనదని గద్దె దిగిన మంత్రి ఒక్కడూ లేడు. మిశ్రా 1967 జూలైలో దిగిపోయారు. అది సొంత సభ్యుల ఫిరాయింపు వల్ల, బస్తరు వల్ల కాదు.

సర్కారు చావును సరిగా చెప్పని చోట జనం చావునే నమ్మరు. 1970 దశకం మొదట్లో ఒక బాబా బస్తరు చేరి, ప్రవీర్ తన రూపంలో తిరిగి వచ్చాడన్నాడు. వేలమంది ఆయన చేత మెడలో కంఠీ కట్టించుకున్నారు.

2012 జూన్‌లో అదే బస్తరులోని సార్కేగూడలో భద్రతా దళాల కాల్పులకు 17 మంది బలైనారు. అమాయకులెవరైనా చనిపోయి ఉంటే విచారిస్తున్నానన్నారు నాటి కేంద్ర హోం మంత్రి చిదంబరం. మృతులు మావోయిస్టులనడానికి ఆధారం లేదని జస్టిస్ అగర్వాల్ సంఘం 2019లో తేల్చింది. ఉంటే అన్న మాటను తీసివేయడానికి ఎవరూ ముందుకు రాలేదు.

కొన్నేళ్ల క్రితం దసరాకు నేను జగదల్‌పూర్ వెళ్లాను. దంతేశ్వరి గుడి ముందు దుకాణంలో అమ్మవారి పటాల నడుమ పొడవాటి జుట్టుతో ప్రవీర్ పటం ఉన్నది. ఒక ముసలి గోండు దానికి బేరమాడకుండా డబ్బిచ్చి, తలపాగాలో చుట్టుకుని రథం వైపు వెళ్లిపోయాడు.