దుబాసి వేసిన బాట: ఏనుగుల వీరాస్వామయ్య

మన ఆమడగూరు పేరులో దూరాన్ని కొలిచే మాట ఒకటి వినిపిస్తుంది. ఆ ఆమడల లెక్కతోనే మదరాసు నుండి కాశీ వరకు గల దారిని తెలుగువారికి పరిచయం చేసిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయనను లోకం యాత్రికుడిగా స్మరిస్తుంది. వృత్తిరీత్యా ఆయన దుబాసి. ఆయన గ్రంథ విశిష్టతకు ఆ వృత్తియే మూలమని నా అభిప్రాయం.

1780లో మదరాసులో జన్మించిన వీరాస్వామయ్య బాల్యంలోనే ఇంగ్లీషు అభ్యసించి, చిన్న వయస్సుననే కొలువులో ప్రవేశించారు. క్రమంగా మదరాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసి అయ్యారు. న్యాయస్థానంలో ఒక్క మాట తప్పుగా తర్జుమా అయితే నిరపరాధి శిక్ష పాలు కావచ్చు. ఎదుటివానికి ఏది తెలియదో ముందుగా ఊహించి చెప్పడం ఆయనకు అక్కడ అలవడిన గుణం.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని జనులు భావించిన కాలమది. 1830 మే 18న సుమారు నూరుగురు పరివారంతో ఆయన బయలుదేరారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపురం మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీలు దర్శించి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. ఎక్కడ దిగవచ్చును, ఏ ఊరిలో అంగళ్లున్నవి, నీటి వసతి ఎట్టిది, ఏ నది ఎట్లు దాటవలెను అనే సంగతులన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు వ్రాసి పంపారు. భాష గ్రాంథికం కాదు, వాడుక తెలుగు. అందులో సవారీ, ముసాఫరు వంటి హిందూస్తానీ మాటలు సహజంగా ఒదిగిపోయాయి. మన కళాశాలలో ఆ మాటలకు అర్థం చెప్పనక్కరలేదు కదా!

ఆయన పల్లకీలో వెళ్లిన సంపన్నుడే. కాని నీరెక్కడ దొరకునో తెలియవలసిన అగత్యం కాలినడక బాటసారికే ఎక్కువ.

హిందూపురం సమీపాన లేపాక్షిలో ఆయన తరచు గుర్తుకు వస్తారు. అక్కడి శాసనాలలో అధికభాగం కన్నడం. తెలుగు, ఉర్దూలు మాత్రమే తెలిసిన వారికి దుబాసి లేనిదే అవి మూగరాళ్లు. చూపు లేని యాత్రికునికి వ్రేలాడే స్తంభం సైతం మాటలోనే కనబడవలెను.

వీరాస్వామయ్య 1836లో పరమపదించారు. ఆ లేఖలను శ్రీనివాసపిళ్ల 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చు వేయించారు. 1973లో అది ఇంగ్లీషులోకి అనువాదమైంది. జీవితమంతా ఇతరుల మాటలను భాష మార్చి చెప్పిన ఆ దుబాసి మాటలను భాష మార్చడానికి నూట ముప్పది అయిదేళ్లు పట్టింది.